గడప దాటని ఉడుము

ఉద్యోగంలో నన్ను దొంగను చేసింది ఒక ఉడుము. దాని మీద నాకు కోపం లేదు. దాని ఆకలి అది తీర్చుకుంది. నన్ను దొంగ అన్న మనుషుల మీద మాత్రం చాలా రోజులు ఉండింది.

నేను లేడీస్ హాస్టల్లో వంట చేసేదాన్ని. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ వైపు పోతుంటే మెట్రో పిల్లర్ల పక్కన ఏ సందులోకి తిరిగినా హాస్టళ్ళే కదా, వాటిలో ఒకటి. మా ఆయన చనిపోయిన ఏడాదే నల్లగొండ వైపు నుంచి వచ్చి అందులో చేరాను. జీతంతో పాటు వంటింటి పక్కన పడుకోవడానికి ఒక గది ఇచ్చారు. ఆ గది వల్లే నేను ఈ పట్నంలో నిలబడ్డాను. ఇప్పుడు మోకాళ్ళు మొరాయించి పని మానేశాను గనక, కొత్తగా కొలువుల్లో చేరే ఆడపిల్లలకు పనికొస్తుందేమోనని ఈ సంగతి చెబుతున్నాను. పనికి రాకపోతే నవ్వుకోండి, నాకు అదీ చాలు.

మా హాస్టల్లో ఉండేవాళ్ళంతా సర్కారు ఉద్యోగాల కోచింగుకు వచ్చిన పిల్లలు. పొద్దున ప్లేట్లో ఉప్మా పెడితే పుస్తకంలోంచి తల ఎత్తకుండా తినేవాళ్ళు. ఒక పిల్ల ఆ ధ్యాసలో చట్నీ గిన్నెలో పెన్ను ముంచింది. అంత చదువులోనూ ఏ ఒక్కరూ మరిచిపోనిది గుడ్డు రోజు. వారంలో రెండుసార్లు రాత్రి భోజనంలో గుడ్డు కూర. ఆ రోజు మెట్ల మీద చెప్పుల చప్పుడే వేరుగా ఉండేది.

హాస్టల్ చూసుకునే వార్డెనమ్మది కోస్తా వైపు. మనసు మంచిదే గానీ అనుమానం ఎక్కువ. గ్యాస్ సిలిండరు తొందరగా అయిపోతే ఎవరో తాగేసినట్టు దాని చుట్టూ తిరిగి చూసేది. గేటు దగ్గర వాచ్‌మన్ మా జిల్లావాడే, నన్ను అక్కా అని పిలిచేవాడు. భార్యతో కలిసి సెల్లారు గదిలో కాపురం ఉండేవాడు. ఓనరు సారు నాగోల్‌లో ఉండేవారు. వారానికోసారి వచ్చి, లెక్కల కంటే ముందు వాస్తు చూసేవారు. ఎవరో చెప్పారని గేటును తూర్పుకు మార్పించారు. ఇంకెవరో చెప్పారని మళ్ళీ ఉత్తరానికి మార్పించారు. మధ్యలో కొన్నాళ్ళు గేటే లేదు. ఆ కొన్నాళ్ళూ వాచ్‌మన్ కుర్చీ వేసుకుని గేటు లేని గోడకు కాపలా కాశాడు.

వంటిల్లు అంటే బిల్డింగుకు వెనక ఆనించి వేసిన రేకుల షెడ్డు. దాని వెనక తుమ్మ పొదలతో ఖాళీ ప్లాటు ఉండేది. ఒక వేసవిలో అక్కడ అపార్ట్‌మెంట్ కడతామని మిషన్లు దింపి పొదలన్నీ పెకలించారు. ఆ వేసవిలోనే మా గుడ్లు తగ్గడం మొదలైంది.

టిఫిన్లయ్యాక నేను రైతుబజారుకు పోయేదాన్ని. పోయేముందు ట్రేలలో నిండుగా ఉన్న గుడ్లు, వచ్చేసరికి అక్కడక్కడా మాయమయ్యేవి. ముందు ఎలుకలనుకున్నాను. కానీ ఎలుక తింటే పెంకు మిగులుతుంది, నేల జిగటవుతుంది. పిల్లి అయినా అంతే. ఇక్కడ పెంకూ లేదు, జిగటా లేదు. ట్రేలో గుంటలు ఖాళీగా నోరు తెరుచుకుని ఉండేవి.

"పెంకు కూడా లేదంటే ఏంటమ్మా అర్థం?" అంది వార్డెనమ్మ.

"నాకేం ఎర్కమ్మా."

"జంతువు తింటే పెంకు పారేస్తుంది. మనుషులైతే కొంగులో కట్టుకుపోతారు."

"వాచ్‌మన్‌కు కొంగెక్కడిదమ్మా?"

"నేను వాచ్‌మన్ అన్నానా?"

అప్పటికి గాని నాకు అర్థం కాలేదు.

మర్నాడు మెట్ల కింద నల్లబోర్డు మీద ఏదో రాసి ఉంది. ఒక పిల్లను చదవమన్నాను. ఆ పిల్ల నా ముఖం చూసి, మెల్లగా చదివింది. "గుడ్లు తగ్గినందున ఈ వారం ఒక్కొక్కరికి సగం గుడ్డు మాత్రమే. వివరాలకు వంటగదిలో అడగగలరు."

ఇక అడగడం మొదలైంది. ఆ పిల్లలు చెడ్డవాళ్ళు కాదు, ఆకలి మీదున్న వాళ్ళు. "ఆంటీ, నా గుడ్డుకు తోబుట్టువు ఏది?" అని ఒకతె. "ఆంటీ, పచ్చసొన ఉన్న సగం నాకు, లేని సగం దీనికి" అని ఇంకొకతె. వారం తిరిగేసరికి నా పేరు గుడ్ల ఆంటీ అయిపోయింది. నేనూ నవ్వేదాన్ని. నవ్వి, గదిలోకి పోయి కూర్చునేదాన్ని. వంటమనిషికి చేతివాటం ఉందన్న మాట ఒక హాస్టల్లో పుడితే సాయంత్రానికల్లా సందంతా తిరిగొస్తుంది. కూర మాడితే క్షమిస్తారు. ఈ పేరొస్తే ఇంకెక్కడా పొయ్యి ముట్టుకోనివ్వరు. పేరు పోతే గది పోతుంది, గది పోతే నేను పోతాను.

అందుకని ఒకరోజు రైతుబజారుకు పోతున్నానని అందరికీ వినబడేలా చెప్పి, సంచి పట్టుకుని, గేటు గట్టిగా వేసి, పక్క సందులోంచి తిరిగొచ్చి వంటింట్లో బియ్యం డ్రమ్ము వెనక కూర్చున్నాను. రేకులు కాగుతున్నాయి. నా మాడూ కాగుతోంది.

ముందు నాలుక వచ్చింది. రేకు కింది సందులోంచి, నీలం కలిసిన నలుపుతో, సన్నగా, చివర రెండుగా చీలి. పాము అనుకున్నాను. దాని వెనక తల వచ్చింది. తల వెనక మెడ, మెడ వెనక పొట్ట, ముడతల కాళ్ళు, కొక్కేల్లాంటి గోళ్ళు. అయిపోయిందనుకుంటే అప్పుడు తోక మొదలైంది. ఆ తోక పూర్తిగా లోపలికి వచ్చేసరికి నేను నాకు తెలిసిన దేవుళ్ళకూ తెలియని దేవుళ్ళకూ దండం పెట్టేశాను. ఉడుము. మా ఊళ్ళో చిన్నప్పుడు చూశాను గానీ ఇంత పెద్దది చూడలేదు. మా పప్పు గరిటెను పక్కన పెడితే రెండింతలు దాటుతుంది.

అది తొందరపడలేదు. తనిఖీకి వచ్చిన అధికారిలా ఉల్లిగడ్డల బుట్టను ఒకసారి నాలుకతో తాకింది. పప్పు డబ్బాను తాకింది. నా చెప్పును తాకి మొహం తిప్పుకుంది. ట్రే దగ్గరికి పోయి ఒక గుడ్డును నోట్లోకి తీసుకుని, తల పైకెత్తింది. గుడ్డు గొంతులోంచి ముద్దలా దిగడం నాకు బయటి నుంచే కనిపించింది. పెంకుతో సహా. తిని కాసేపు కళ్ళు మూసుకుంది. మా హాస్టల్ గుడ్డును అంత భక్తిగా తిన్నవాళ్ళను నేను అంతకుముందూ చూడలేదు, ఆ తరువాతా చూడలేదు.

నా పేరు బతికింది. ఆ సంతోషంలో భయం కూడా మరిచిపోయి గేటు దగ్గరికి పరుగెత్తాను.

"తమ్మీ! దొంగ దొరికింది! ఉడుము! షెడ్డుల ఉన్నది!"

వాచ్‌మన్ అటూ ఇటూ చూసి నన్ను గోడ పక్కకు లాగాడు. "అక్కా, ఒర్రకు, మెల్లగ మాట్లాడు. నీకు దండం బెడ్త, ఒర్రకు."

"ఏందిరా? ఇగ నన్ను ఎవ్వలేమంటరు?"

"నిన్నేమనరు. మనందర్ని ఎల్లిపొమ్మంటరు. ఉడుము ఇంట్లకొస్తె ఇల్లు ఖాళీ జెయ్యాలె. ఆర్నెల్లు తాళమెయ్యాలె. మరిసినవా?"

"అది మనూర్ల ముచ్చట."

"మన సారు కోసం ఊరే ఈడికొచ్చింది గద అక్కా. సైదాబాద్ల ఆయన తోడల్లుని ఇంటి మీద గుడ్లగూబ కూసుంటె, కిరాయికున్నోళ్ళందర్ని ఖాళీ చేపిచ్చిండు. గుడ్లగూబ సుత గంత సేపు కూసోలేదు."

నేను అక్కడే మట్టిలో కూర్చుండిపోయాను. వాడు చెప్పింది నిజం. ఉడుము ఇంట్లో దూరితే అరిష్టమని, ఇల్లు వదిలి, ఆర్నెల్లు పోయాక శాంతి చేయించి మళ్ళీ దిగాలని మా వైపూ అంటారు, కోస్తా వైపూ అంటారు. ఉడుము వచ్చిందని సారుకు తెలిస్తే నేను దొంగను కానని తేలుతుంది, హాస్టల్‌కు తాళం పడుతుంది. తెలియకపోతే హాస్టల్ ఉంటుంది, నేను దొంగగా ఉంటాను. పరీక్షలు దగ్గరికొచ్చిన పిల్లలు, సెల్లార్లో వాచ్‌మన్ భార్య, వంటింటి పక్కన నా గది, అన్నీ ఆ జంతువు నడుం మీద ఉన్నాయి. అది మాత్రం ఎండలో పడుకుని అరిగించుకుంటోంది.

ఎవరికీ తెలియకుండా దాన్ని వెళ్ళగొట్టాలని ఇద్దరం అనుకున్నాం. వాచ్‌మన్ తెలివి ప్రకారం ముందు ఎండుమిర్చి పొగ పెట్టాం. ఉడుము కదల్లేదు. పై అంతస్తుదాకా అందరూ దగ్గారు. వార్డెనమ్మ ముక్కు మూసుకుని దిగొచ్చింది.

"ఏం తాళింపమ్మా ఇది, ఊపిరాడటం లేదు?"

"మిర్చి బజ్జీలకమ్మా," అన్నాను. అన్నాక చెయ్యక తప్పుతుందా? ఉడుము పుణ్యాన ఆ సాయంత్రం హాస్టలంతా బజ్జీలు తిన్నది.

తరువాత వాచ్‌మన్ కర్రతో తట్టాడు. అది ఒళ్ళంతా గాలి నింపుకుని ఉబ్బి, కుక్కరు విజిలేసే ముందు వచ్చే చప్పుడు చేసింది. వాడు ఇంకోసారి తట్టాడు. తోక ఎటు నుంచి వచ్చిందో తెలియదు, కర్ర పోయి సాంబారు గిన్నెలో పడింది. వాడు పోయి నా వెనక పడ్డాడు.

చివరికి నాకు ఒక ఉపాయం తోచింది. షెడ్డు నుంచి వెనక గోడ దాకా దారి పొడుగునా గుడ్లు పెడితే, తింటూ తింటూ అదే పోతుంది కదా! పెట్టాం. అది గోడ దాకా బుద్ధిగా తింటూ పోయింది. అక్కడ గుడ్లు అయిపోయాయి. వెనక్కి తిరిగి, మిగతావి ఎక్కడున్నాయో తెలుసు గనక, నేరుగా వంటింట్లోకి వచ్చింది. అయితే గోడ అవతల కూడా పెట్టాలన్నమాట అని, మర్నాడు కొంగు నిండా గుడ్లు పోసుకుని వెనక వాకిట్లోంచి మెల్లగా నడుస్తున్నాను. ఎదురుగా వార్డెనమ్మ.

ఆవిడ నా కొంగు వైపు చూసింది. నేనూ చూసుకున్నాను. ఇంత నిండు సాక్ష్యంతో దొరికిన దొంగ ఆ సందులో ఇంకొకరు ఉండరు.

"ఎంత నమ్మానమ్మా నిన్ను," అంది. నిజానికి ఏనాడూ నమ్మలేదు.

మర్నాడు పిల్లలు కోచింగుకు పోయాక సారును పిలిపించింది. సారుతో పాటు ఆయన భార్య కూడా వచ్చారు, అమ్మగారు అంటాం. అమ్మగారు గుడ్డు ముట్టని మనిషి. ముట్టడం కాదు, ఆ పేరు కూడా పలకదు, "అది" అంటుంది. గుడ్డు రోజైతే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గాని హాస్టల్లో అడుగు పెట్టదు. ఆ రోజు గుడ్డు రోజే.

సారు వస్తున్నారని తెలిసి, ఉడుము ఆయన కంట పడకుండా వాచ్‌మన్ షెడ్డు తలుపు వేసి, రేకుల కింది సందులన్నిటికీ తడి గోనెసంచులు కుక్కేశాడు. వాడు చేసిన తప్పు అదే. ఉడుము లోపల ఉండిపోయింది. దానికి బయటికి దారి లేదు. ఉన్నదల్లా వంటింటి పైన, ఆఫీసు గదిలోకి తెరుచుకునే వెంటిలేటరు.

ఆ ఆఫీసు గదిలోనే నా పంచాయితీ.

"ఇన్నేళ్ళుగా ఉన్నావు. ఆకలేస్తే అడిగి తినొచ్చు కదమ్మా," అన్నారు సారు. తిట్టినా బాగుండేది. మర్యాదగా అన్నారు, అందుకే ఎక్కువ మండింది.

"నేనే ఉడకబెట్టి పెట్టేదాన్ని కదండీ," అంది వార్డెనమ్మ.

సారు వెనక, తలుపు దగ్గర, వాచ్‌మన్ నాకు రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. చెప్పొద్దని. నా నోట్లో మాట ఉబ్బిపోతోంది, ఆ ఉడుము లాగే.

"పోలీసులూ అవీ ఎందుకులే. సాయంత్రానికి గది ఖాళీ చెయ్యి," అన్నారు సారు.

నేను నోరు తెరిచాను. ఏం చెప్పేదాన్నో నాకే తెలియదు. పైనుంచి మా అందరి మీదా సున్నం రాలింది. వెంటిలేటర్లోంచి ఒక నాలుక వచ్చి గదిని రుచి చూసింది.

తరువాత జరిగింది వరసగా చెప్పడం కష్టం. ఉడుము బీరువా మీద పడింది. అక్కణ్ణుంచి గోడకున్న చెక్క పూజామందిరం మీదికి దూకి, నాలుగు కాళ్ళతో దాన్ని వాటేసుకుంది. కుంకుమ భరిణె పడింది, గంట పడింది, ఎర్రబట్టలో చుట్టిన ఒక వేరు పడి విప్పుకుంది. ఆ వేరు సారు ఎవరో స్వామి దగ్గర తెప్పించుకున్నది. రెండు చేతులు జోడించి దండం పెట్టినట్టుండేది. హాస్టల్‌కు పైసల బరకత్ దానివల్లేనని సారు నమ్మకం. అమ్మగారు వచ్చినప్పుడల్లా దానికి బొట్టు పెట్టేది. పొద్దున్నే పొయ్యి వెలిగించే ముందు, మా పిల్లలకు కొలువులు రావాలని నేనూ దాన్ని కళ్ళకద్దుకునేదాన్ని.

సారు కుర్చీ ఎక్కి, దాని మీది నుంచే తన సిద్ధాంతిగారికి ఫోన్ కలిపి స్పీకరు పెట్టారు.

"గడప దాటిందా?" అడిగింది ఫోను.

"లేదండీ. వెంటిలేటర్లోంచి వచ్చింది."

"వెంటిలేటరుకు గడప ఉందా?"

"ఉండదు కదండీ!"

"అదే ఆలోచిస్తున్నాను. ముఖం ఎటు పెట్టింది?"

సారు చూసి చెప్పారు. "మా ఆవిడ వైపండీ."

"ఏవండీ, ఆ శాస్త్రం తరవాత చూద్దురు గానీ," అంది అమ్మగారు. ఆ గదిలో కుర్చీ ఎక్కనిది ఆవిడా నేనూ మాత్రమే. నాగోల్‌లో వాళ్ళ అపార్ట్‌మెంట్లోకి మూసీ వైపు నుంచి పాములొస్తే పట్టే వాళ్ళ నంబరు ఆవిడ ఫోన్లో ఉంది. వాళ్ళకు చేసింది.

స్కూటీ మీద ఒక ఆడపిల్ల వచ్చింది. మా హాస్టల్ పిల్లల వయసే ఉంటుంది. చేతిలో సంచి, భుజాన తువ్వాలు. ఉడుమును కిందినుంచి పైదాకా చూసి, ఫ్యాను ఆపించి, తడిపిన తువ్వాలు దాని తల మీద మెల్లగా కప్పి, నేల మీద కూర్చుంది.

"చాయ్ ఉందా ఆంటీ?"

"గుంజవా బిడ్డా?"

"గుంజితె ఇంకా గట్టిగ పట్టుకుంటది. మందిరం ఊడొస్తది గాని ఉడుము రాదు. ఇడిసిపెడితె అదే ఇడుస్తది. జర ఆగాలె."

ఆగాం. చాయ్ పెట్టాను. ఉడుము మందిరాన్ని వాటేసుకుని, మేమంతా గ్లాసులు పట్టుకుని, సారు కుర్చీ మీద నిలబడి. భయం కాస్త తగ్గాక మాటలు మొదలయ్యాయి. వెనక ప్లాటు తవ్వేసరికి దాని బొరియ పోయి ఉంటుందని, పొద్దున ఎండ కాచుకుంటే గాని దానికి ఒళ్ళు కదలదని, మా రేకుల షెడ్డు వేడి దానికి హాయి అని ఆ పిల్ల చెప్పింది. నాలుక బయట పెట్టేది మనల్ని వెక్కిరించడానికి కాదట, గాలిలో వాసన పట్టడానికట.

"ఇదేం పెద్దది ఆంటీ. దీనికి దూరపు చుట్టాలుంటయి, సముద్రం నడుమ దీవులల్ల. మంచం కన్నా పొడుగు. దున్నపోతులను సుత కొరికి పడగొడ్తయి. వాటిల ఆడవైతే, మగతోడు దొరక్కపోయినా ఒక్కోసారి వాటంతట అవే గుడ్లు పెట్టి పిల్లల్ని చేస్తయి."

"మగతోడు లేకుంటనా?"

"లేకుంటనే."

మా ఆయన పోయినప్పుడు, ఒక్కదానివి ఎట్ల బతుకుతవే అని ఊరంతా నా చుట్టూ కూర్చుని ఏడ్చారు. ఈ ముచ్చట ఆ రోజు తెలిసి ఉంటే వాళ్ళకు చెప్పేదాన్ని.

"గిది మగదా, ఆడదా?" అడిగాడు వాచ్‌మన్. అక్కడే కొంప మునిగింది.

"బయటికి కనవడదు అంకుల్. మగదైనా తోక మొదట్ల లోపటనే దాసుకుంటది. రెండుంటయి."

వాచ్‌మన్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"రెండా?" అంది వార్డెనమ్మ. ఆవిడ గొంతులో అనుమానం లేకుండా వచ్చిన మాట నేను అదొక్కటే విన్నాను.

"రెండు. గందుకే దొంగలు ఉడుములను సంపుతరు. అవి కోసి, ఎండబెట్టి, చేతులు జోడించిన వేరు అని చెప్పి అమ్ముతరు. పైసలొస్తయంటె సదువుకున్నోళ్ళు సుత కొని, ఎర్రబట్టల జుట్టి, బొట్టు వెట్టి..."

చెబుతూ చెబుతూ ఆ పిల్ల నేల మీదికి చూసింది. మేమూ చూశాం. విప్పుకున్న ఎర్రబట్ట మధ్య, నిండా కుంకుమతో, రెండు చేతులూ జోడించుకుని, అది మాకు దండం పెడుతోంది.

పిల్ల దాన్ని కాగితంతో తీసి అటూ ఇటూ తిప్పింది. "సార్, ఇది వేరు గాదు."

నేను పొద్దున దాన్ని అద్దుకున్న కళ్ళను కొంగుతో తుడుచుకుంటున్నాను.

"ఏవండీ," అంది అమ్మగారు. చాలా నెమ్మదిగా. "మన పెళ్ళిరోజున నాచేత దీనికా హారతి ఇప్పించారు?"

ఫోను ఇంకా స్పీకర్లోనే ఉంది. "వింటున్నారా? గడప దాటకపోతే దోషం అంత లేదండీ," అంది.

సారు దాన్ని నోటికి దగ్గరగా పెట్టుకుని గొంతు తగ్గించారు. "సిద్ధాంతిగారూ, ఉడుములో కొంత భాగం ఎప్పుడో గడప దాటి లోపలికి వచ్చి ఉంటేనో?"

"ఏ భాగమండీ?"

సారు ఫోన్ కట్టేశారు.

ఈ లోపల ఉడుము పట్టు సడలింది. పిల్ల తువ్వాలుతో సహా దాన్ని ఒడిసిపట్టి, బిడ్డను ఉయ్యాల్లో వేసినట్టు సంచిలో వేసింది. ఆ వేరు లాంటిది ఇంట్లో ఉంచుకోవడం నేరమని, తెలియక కొన్నామని సారే పోయి అటవీశాఖ వాళ్ళకు అప్పజెబితే మంచిదని, కావాలంటే తను తోడు వస్తానని చెప్పింది. ఉడుమునూ అక్కడే అప్పజెబితే, వాళ్ళే అడవిలో వదిలేస్తారట. సారు బుద్ధిగా తలూపి కుర్చీ దిగారు. దిగుతూనే ఓనరయ్యారు.

"అందరూ వినండి. ఈ ఇంట్లోకి ఉడుమూ రాలేదు, వేరూ లేదు. బయట ఒక్క మాట పొక్కినా పిల్లల తల్లిదండ్రులు సాయంత్రానికల్లా పెట్టెలు సర్దించేస్తారు. హాస్టల్ మామూలుగా నడుస్తుంది."

వాచ్‌మన్ గోడకు జారగిలబడి ఊపిరి వదిలాడు. వార్డెనమ్మ కళ్ళొత్తుకుంది. అందరికీ బాగానే ఉంది.

"మరి గుడ్లు సారూ?" అన్నాను.

"గుడ్ల సంగతి మరిచిపోదాంలే అమ్మా. నువ్వు పనిలో ఉండు."

"మీరు మరుస్తరు సారూ. పిల్లలు మరుస్తరా? ఉడుము రాలేదంటే గుడ్లు నేను తిన్నట్టే గద. బోర్డు మీద రాసినప్పుడు నన్నెవ్వలన్న అడిగిన్రా? ఉడుము వచ్చిందన్న అనుండ్రి, లేకుంటె నేనే పిల్లలకు చెప్పి నా సంచి సదురుకుంట."

"అక్కా..." అన్నాడు వాచ్‌మన్. వాడి ముఖం చూడలేకపోయాను. నేను నోరు విప్పితే వాడి కాపురమూ రోడ్డు మీదే. కానీ దొంగ పేరుతో ఆ గదిలో పడుకోవడం ఇక నా వల్ల కాదు. మాట వెనక్కి తీసుకోలేదు.

అమ్మగారు నన్నే చూస్తూ ఉంది. "రాత్రి భోజనాల దాకా ఆగు," అంది. "అప్పటికీ నీకు నచ్చకపోతే నీ ఇష్టం వచ్చింది చెప్పు."

సారు అటవీశాఖ ఆఫీసుకు పోయారు. అమ్మగారు హాస్టల్లోనే ఉండిపోయింది. నేను గుడ్డు కూర వండాను. చేతులే వండాయి, నా ధ్యాస అక్కడ లేదు. సంచి మాత్రం సర్ది తలుపు వెనక పెట్టుకున్నాను.

రాత్రి పిల్లలంతా ప్లేట్లతో కూర్చున్నారు. గుడ్డు సువాసన హాలంతా ఉంది. అమ్మగారు తలుపు దగ్గర నిలబడింది. ముక్కు మీది కొంగు తీసేసింది. దాన్ని నడుముకు చుట్టుకుని లోపలికి వచ్చింది. ఓనరమ్మ భోజనాల హాల్లోకి రావడం ఎవరూ ఎరగరు. ఒక్కొక్క పుస్తకమూ మూతపడింది.

"అమ్మాయిలూ, మీ ఆంటీని ఇన్నాళ్ళూ ఏదో అన్నారట. ఆవిడ ముట్టుకోలేదు. ఆ గుడ్లు నేను తిన్నాను."

ఆవిడ నోట ఆ పేరు వినడం నాకు అదే మొదటిసారి. వార్డెనమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"మీరా మేడమ్?" అంది ఒక పిల్ల.

"నేనే. మీరు కోచింగుకు పోయాక వచ్చి తినేదాన్ని. ఇంట్లో కుదరదుగా మరి. మీ ఆంటీకి తెలిసినా, నా పరువు కోసం నోరు మూసుకుంది."

పిల్లలు ఆమెను చూశారు, నన్ను చూశారు. దాదాపు నమ్మారు. కానీ చట్నీలో పెన్ను ముంచిన పిల్ల ఉంది చూడండి, అది ఏ పరీక్షకు చదువుతోందో గాని, చెయ్యెత్తింది.

"మేడమ్, మరి పెంకులేమైనయి?"

అమ్మగారు ఒక్క క్షణం కూడా తడబడలేదు.

"అవీ తిన్నాను. మోకాళ్ళ నొప్పులమ్మా. కాల్షియం కదా."

ఒక పిల్ల లేచి, తన ప్లేట్లోని గుడ్డు తీసి, చాలా జాలిగా, అమ్మగారికి అందించింది.

ఆవిడ ఆ గుడ్డు వైపు చూసింది. నా వైపు చూసింది. "ఇవాళ్టికి నేను తినడం అయిపోయిందమ్మా, నువ్వు తిను," అని ఆ పిల్ల తల నిమిరి, గబగబా బయటికి పోయి కుళాయి కింద ముఖం కడుక్కుంది. నేను పోయి తువ్వాలు అందించాను. నేను తలుపు వెనక సంచి విప్పి చీరలు మళ్ళీ దండెం మీద వేసుకున్నాను.

బోర్డు మర్నాడే తుడిచేశారు. నన్ను గుడ్ల ఆంటీ అనడం మానేశారు. ఆ సందులో నేను ఇంకా చాలా ఏళ్ళు పొయ్యి వెలిగించాను. ఎక్కడ వంటమనిషి కావాలన్నా ముందు నన్నే అడిగేవాళ్ళు.

ఉద్యోగాల్లో చేరే పిల్లల్లారా, మీ గురించి నిజం చెప్పే పైవాళ్ళు దొరికితే మంచిదే. నాకు దొరికింది వేరే రకం మనిషి. మా హాస్టల్ పిల్లల్లో ఒకదాని మేనత్త నాగోల్‌లో అమ్మగారి అపార్ట్‌మెంట్లోనే ఉండేదట. అమ్మగారు ఇల్లు చేరకముందే కబురు చేరింది. ఆ తరువాత వ్రతాలకూ పేరంటాలకూ పోయినప్పుడు ఎవరో ఒకరు పక్కకు పిలిచి, "నిజమేనా వదినా, మీరు గుడ్లు తింటారట?" అని అడిగేవాళ్ళట. కాదనడానికి ఆవిడకు ఒక్క మాట చాలు. ఏళ్ళు గడిచినా ఆ మాట అనలేదు. తాంబూలం అందుకుంటూ, నవ్వకుండా, "అవునమ్మా, పెంకులతో సహా" అనేదట.